మూడు సెకన్ల ఎర్రపట్టీ

రేపల్లె బస్టాండు ఎదుట షాహీనా ఎస్టీడీ బూతు తెరిచిన కొత్తల్లో, ఫోను చేసుకోవడానికి వచ్చినవాళ్ళలో కొందరికి ఒక సరదా ఉండేది. ఆమె మొహం ముందు చెయ్యి ఆడించి, "ఏమ్మా, ఇవి ఎన్ని వేళ్ళో చెప్పు చూద్దాం" అనేవాళ్ళు.

"మీ చేతికి ఎన్ని వేళ్ళున్నాయో మీకే తెలియకపోతే నేనేం చెప్పనండీ? నంబరు చెప్పండి, కలుపుతాను" అనేది షాహీనా.

అదే మనిషి రెండోసారి అడిగేవాడు కాదు.

ఆమె పుట్టింది తెనాలిలో. ఐదో ఏట తట్టు పోసి చూపు పోయింది. తండ్రి అబ్దుల్లా టైలరు. కూతురు ఇంట్లో ఊరికే కూర్చోకూడదని చొక్కాలకు గుండీలు కుట్టడం నేర్పాడు. తర్వాత అంధుల బడిలో వేస్తే, అక్కడ ఆడపిల్లలకు కుర్చీలు అల్లే పని నేర్పేవాళ్ళు, మగపిల్లలకు టెలిఫోను ఆపరేటరు ట్రైనింగు ఇచ్చేవాళ్ళు. షాహీనా రెండు కుర్చీలు అల్లింది. మూడోది ముట్టుకోలేదు. తనకూ టెలిఫోను పనే కావాలని హెడ్మాస్టరుకు బ్రెయిలీలో ఉత్తరం రాసింది. జవాబు రాకపోతే అదే ఉత్తరం మళ్ళీ రాసింది. ఏడో ఉత్తరం అందాక ఆయన పిలిపించి, "నీకింకో పని లేదా అమ్మా?" అన్నాడు. "అదే కదండీ నేనడిగేది, పని ఇమ్మని" అంది పదిహేనేళ్ళ షాహీనా. ఆ ఏడు ట్రైనింగులో చేరిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

అలా నేర్చిన విద్యతో, వికలాంగుల కోటాలో వచ్చిన బూతుతో పన్నెండేళ్ళు గడిపింది. తల్లి కరీమాబీ, కుట్టుమిషన్లు బాగుచేసే తమ్ముడు ఫరూక్ తెనాలిలోనే ఉండేవాళ్ళు. షాహీనా పొద్దున ప్యాసింజరు ఎక్కి రేపల్లె వచ్చేది, చీకటి పడేలోగా ఇల్లు చేరేది. రైల్లో ఆమె కూర్చునే కిటికీ పక్క చోటు ఎవరైనా ఆక్రమిస్తే, ఎదురుగా నిలబడి, "ఇక్కడ రోజూ నేను కూర్చుంటానండి" అని ఒక్క మాట అనేది. లేవనివాళ్ళు తక్కువ.

రెండువేల నాలుగు వచ్చేసరికి అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. బస్టాండు వీధిలో ఉన్న మిగతా బూతుల్లో ఒకటి కూల్‌డ్రింకుల కొట్టయింది, ఇంకొకటి రీచార్జి కార్డులు అమ్ముకోవడం మొదలుపెట్టింది. "నువ్వూ మూసెయ్యి ఆపా, నేను చూసుకుంటాగా" అన్నాడు ఫరూక్. అక్కను ఆపా అని పిలవడం వాళ్ళింటి అలవాటు. షాహీనా బూతు మూసింది గానీ మూడు నెలల పాటే. ఆ మూడు నెలలూ హైదరాబాదులో ఉండి కంప్యూటరు నేర్చుకుంది. తెర మీద ఉన్న రాతల్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఒకటుంది. కీబోర్డు మీద ఏది నొక్కినా, తెర మీద ఏది వచ్చినా ఇంగ్లీషులో గడగడా చెప్పేస్తుంది. తిరిగొచ్చి బూతులో ఆ కంప్యూటరు పెడితే, లోపల ఎవరో దొర మాట్లాడుతున్నాడని బయట జనం తొంగిచూశారు.

తెనాలిలో రామలింగం అనే ఆయనకు ట్రావెల్స్ కంపెనీ ఉంది. తెనాలి, బాపట్ల, రేపల్లెల నుంచి హైదరాబాదుకు బస్సులు నడుపుతాడు. ఊరూరా ఏజెంట్లు కంపెనీ వెబ్‌సైటులోనే టికెట్లు బుక్ చేస్తారు. షాహీనా ఆయన ఎదురుగా కూర్చుని, ఒక్క తప్పు లేకుండా నాలుగు టికెట్లు బుక్ చేసి చూపించి రేపల్లె ఏజెన్సీ తెచ్చుకుంది.

ఆ సైటు ఆమెకు చేతిలో పనిముట్టులా అమరింది. పేరు, వయసు, సీటు నంబరు కొట్టి ఎంటర్ నొక్కగానే 'టింగు'మని చప్పుడయ్యి ఒక చిన్న పెట్టె వచ్చేది. అలర్టు బాక్సు అంటారు దాన్ని. టికెట్టు ఖాయమైందనో, ఆ సీటు అప్పుడే ఎవరో తీసేసుకున్నారనో అందులో ఉండేది. కంప్యూటరు గొంతు వెంటనే దాన్ని చదివేది. ఓకే నొక్కేదాకా ఆ పెట్టె కదిలేది కాదు. రెండేళ్ళలో షాహీనా ఇచ్చిన టికెట్టు మీద ఒక్క ఫిర్యాదు రాలేదు.

రెండువేల ఏడు వానాకాలంలో కంపెనీ కొత్త సైటు పెట్టింది. మొదటి రోజే షాహీనాకు తేడా తెలిసింది. ఎంటర్ నొక్కితే చప్పుడు లేదు, పెట్టె లేదు. ఆఫీసుకు ఫోను చేసింది.

"కొత్త సైటులో ఆ బాక్సులు తీసేశారండి. నొక్కితే అయిపోయినట్టే. స్లిప్పు ప్రింటు తీసి ఇచ్చెయ్యండి" అన్నాడు అక్కడి గుమాస్తా.

ఆమె అలాగే ఇచ్చింది. రెండు వారాలు బాగానే నడిచింది. మూడో వారంలో, రేపల్లె పక్కనున్న నగరం అనే ఊరి నుంచి సరోజ అనే అమ్మాయి వచ్చింది. హైదరాబాదులో ఒక స్కూల్లో టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందనీ, పొద్దున్నే చేరాలనీ చెప్పింది. పద్నాలుగో సీటు ఖాళీ అని గొంతు చదివింది. షాహీనా వివరాలు కొట్టి, ఎంటర్ నొక్కి, స్లిప్పు చేతిలో పెట్టింది.

మూడు రోజుల తర్వాత సరోజ మళ్ళీ వచ్చింది. మెట్లెక్కుతున్న అడుగుల చప్పుడులోనే కోపం తెలిసింది.

"పద్నాలుగులో బాపట్లలో ఎక్కినాయన కూర్చునున్నాడు. నా పేరు వాళ్ళ లిస్టులోనే లేదు. నడిరోడ్డు మీద దింపేశారు. తెనాలి వెళ్ళి, రైల్లో జనరల్ బోగీ తలుపు దగ్గర నిలబడి పోయాను. పొద్దున వాళ్ళడిగినవి ఒక్కటీ బుర్రకెక్కలేదు. ఉద్యోగం పోయింది." స్లిప్పును బల్ల మీద పడేసింది. "కళ్ళు లేనామె దగ్గర టికెట్టు కొన్నాను చూడండి, నాదే బుద్ధితక్కువ."

బూతు ముందు నిలబడ్డ నలుగురూ విన్నారు. ఏళ్ళుగా ఎవరేమన్నా వెంటనే బదులిచ్చే మనిషి, ఆ రోజు చేతులు కీబోర్డు మీద పెట్టుకుని అలాగే ఉండిపోయింది. నిజంగా తానే తప్పు నొక్కిందా? నొక్కలేదని ఎలా చెప్పగలదు?

మర్నాడు రామలింగమే ఫోను చేశాడు. ఆయన చెడ్డవాడు కాడు. మెల్లగానే మాట్లాడాడు.

"షాహీనమ్మా, మీరంటే నాకు గౌరవం. కానీ ప్యాసింజర్లతో వ్యవహారం. ఈ నెలాఖరు నుంచి మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టండి. ఏజెన్సీ మీ పేరు మీదే ఉంటది."

"నా పేరూ, తమ్ముడి కళ్ళూనా అండీ?"

"మరోలా అనుకోకండి."

"ఎలా అనుకోమంటారు? తప్పు నాదైతే నా పేరే కొట్టెయ్యండి. నాది కాకపోతే నన్నెందుకు లేపుతున్నారు? నెలాఖరుకు పద్దెనిమిది రోజులుంది. ఈలోపు ఎవరిది తప్పో నేను తేలుస్తాను."

ఇంట్లోనూ అదే మాట నడిచింది. "వాడు కూర్చుంటానంటున్నాడుగా బేటీ, నువ్వు పక్కన ఉండి మాట్లాడుతూ ఉండు" అంది కరీమాబీ.

"అమ్మీ, పక్కన కూర్చుని మాట్లాడటానికి రోజూ రైలెక్కి పోవాలా? ఇక్కడ నీతోనే మాట్లాడుకోవచ్చుగా" అని షాహీనా పళ్ళెం ముందు నుంచి లేచిపోయింది.

ఏ వెబ్ పేజీకైనా వెనక దాని రాత ఉంటుంది. మెనూలోకి వెళ్ళి తెరిస్తే ఎవరైనా చదవచ్చు. హైదరాబాదులో ఆ సంగతి చెప్పారు గానీ అంతకంటే నేర్పలేదు. షాహీనా మర్నాటి నుంచి మధ్యాహ్నాలు గిరాకీ పలచబడ్డాక బుకింగ్ పేజీ వెనకున్న రాతను తెరిచి, ఒక్కో లైనూ వినడం మొదలుపెట్టింది. గొంతు బ్రాకెట్లూ సెమీకోలన్లూ కూడా విడిచిపెట్టకుండా చదివేది. రెండు రోజులు అది నట్లూ బోల్టులూ రేకుడబ్బాలో పోసి ఊపినట్టుంది తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడో రోజు, 'సీటు అప్పుడే బుక్కయింది' అనే ఇంగ్లీషు వాక్యం చెవిన పడింది. షాహీనా చెయ్యి ఆగిపోయింది.

అంటే ఆ మాట పేజీలో ఉంది. పేజీ చెబుతోంది. కానీ ఎవరికి చెబుతోంది?

ఆ వాక్యం చుట్టూ ఉన్న లైన్లను ఇరవైసార్లు విన్నది. అది జావాస్క్రిప్టు, పేజీని ఆడించే భాష. షోమెసేజ్ అనే పేరుతో ఒక చిన్న ఫంక్షను, అంటే ఒక పని చేసిపెట్టే ఆజ్ఞల కట్ట, ఉంది. పేజీ పైభాగాన ఒక పట్టీ తెరిచి, సీటు దొరికితే ఆకుపచ్చ రంగు, దొరక్కపోతే ఎర్ర రంగు వేసి, అందులో మాట రాస్తుంది. మూడువేల మిల్లీసెకన్లయ్యాక ఆ పట్టీని తుడిచేస్తుంది. మూడు సెకన్లు. చప్పుడు లేదు. గొంతు చదివే చోటికి రాదు. ప్రింటు బటను సంగతి ఇంకా అన్యాయం. సీటు దొరికిందో లేదో అది చూడనే చూడదు, ఫారంలో కొట్టినదాన్ని కొట్టినట్టు కాగితం మీద దించుతుంది.

షాహీనాకు మొదట ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. సరోజ అన్న మాటను ఇన్ని రోజులుగా మోస్తోంది తను. ఈ పేజీ ఎర్ర రంగు పూసుకుని, మూడు సెకన్లు నిలబడి, చెప్పేశాననుకుని వెళ్ళిపోయింది.

దేశంలో కంప్యూటర్లు వాడే అంధులు కొందరు ఈమెయిళ్ళలో ఒకరికొకరు సాయం చేసుకుంటారు. షాహీనా వాళ్ళకు రాసింది. పుణె నుంచి ఒకాయన జవాబిచ్చాడు: పేజీ తెరిచాక పైన అడ్రసు కొట్టే చోట జావాస్క్రిప్టు అని మొదలుపెట్టి, షోమెసేజ్‌కు కొత్త అర్థం చెప్పు, పట్టీ వెయ్యొద్దు, అలర్టు బాక్సు పెట్టు అని చెప్పు, ఆ పేజీ నీ కంప్యూటర్లో నీ మాట వింటుంది. ఒక్క లైను రాత. ఆ లైనును తప్పుల్లేకుండా కొట్టడానికి ఆమెకు నాలుగు రోజులు పట్టింది. ఒకసారి బ్రాకెట్టు మరిచిపోయేది. ఇంకోసారి పెద్దక్షరం బదులు చిన్నక్షరం పడేది. పెద్దదైనా చిన్నదైనా గొంతు ఒకేలా చదివేది.

ఒక పెద్దామె హైదరాబాదుకు టికెట్టు అడగడానికి వచ్చినప్పుడు షాహీనా పరీక్ష పెట్టింది. పేజీని తెర మీద రెండు కిటికీల్లో, అంటే రెండు విండోల్లో తెరిచి, రెండింట్లోనూ ఏడో సీటే ఎంచుకుని, రెండింట్లోనూ తన లైను కొట్టింది. మొదటి కిటికీలో ఎంటర్ నొక్కింది. 'టింగు'. టికెట్టు ఖాయమైంది. రెండో కిటికీలో నొక్కింది. 'టింగు'. సీటు అప్పుడే బుక్కయింది.

షాహీనా బల్ల మీద చరిచి గట్టిగా నవ్వింది.

"ఏంటమ్మా, నా సీటు రాలేదా?" అంది పెద్దామె గాభరాగా.

"వచ్చింది పిన్నిగారూ. రెండోసారి రానందుకే నవ్వుతున్నాను" అంది షాహీనా.

ఆ లైనును మళ్ళీ మళ్ళీ కొట్టక్కర్లేకుండా కంప్యూటర్లో ఫేవరెట్లలో దాచుకుని, నెలాఖరుకు మూడు రోజుల ముందు ఆమె తెనాలిలో కంపెనీ ఆఫీసుకు వెళ్ళింది. ఫరూక్ తోడొస్తానన్నాడు. వద్దంది. ఆఫీసులో రామలింగం, ఆయన పక్కన కొత్త సైటు రాసిన సాయి సుధ ఉన్నారు. సుధ బాపట్లలో ఇంజనీరింగు చదివింది. అది ఆమెకు మొదటి ఉద్యోగం.

షాహీనా వాళ్ళ కంప్యూటర్లోనే రెండు కిటికీలు తెరిపించి, ముందు లైను లేకుండా, తర్వాత ఆ లైను కొట్టి చేసి చూపించింది. రామలింగం కుర్చీలోంచి లేచాడు.

"మా సైటులో మీరు చెయ్యి పెట్టారా?"

"మీ సైటు మీ దగ్గరే ఉంది సార్, నేను ముట్టుకోలేదు. నా కంప్యూటర్లోకి వచ్చిన పేజీకి నోరిచ్చాను, అంతే."

సుధకు మొహం ఎర్రబడింది. "మేడం, ఆ బాక్సులు పాత పద్ధతి. పని ఆపేస్తాయి, చూడ్డానికి బాగోవు. ఇప్పుడెవరూ వాడట్లేదండి. అందుకే పట్టీ పెట్టాను."

"బాగానే ఉందేమోనమ్మా, నేను చూడలేదు. ఎంతసేపుంటది ఆ పట్టీ?"

"మూడు సెకన్లు."

"మూడే ఎందుకు?"

ఎందుకో సుధకూ తెలియదు. ఎక్కడో చూసి రాసింది, బాగుందనుకుంది.

"కళ్ళున్నవాళ్ళకు మూడు సెకన్లు చాలు షాహీనమ్మా" అన్నాడు రామలింగం. "మిగతా ఏజెంట్లెవరూ ఏం అనలేదు కదా."

"అడిగారా?"

షాహీనా తన సెల్లు తీసి బాపట్ల ఏజెంటు వెంకట్రామయ్యకు కలిపి, స్పీకరు పెట్టింది. ఆయన రిటైరైన పోస్టుమాస్టరు.

"బాబాయ్ గారూ, తెనాలి ఆఫీసులో ఉన్నాను. ఓనరు గారూ వింటున్నారు. కొత్త సైటులో సీటు దొరక్కపోతే ఎర్రపట్టీ వస్తదంట. మీకు కనపడుతోందా?"

"ఎర్రపట్టీనా? ఏ ఎర్రపట్టీ అమ్మాయ్?" అన్నాడాయన. గొంతు తగ్గించాడు. "ఓనరు గారు వింటున్నారు కాబట్టి చెప్పేస్తా. నేను రెండు వేళ్ళతో కీబోర్డు చూసి కొడతానండీ. తలెత్తేసరికి పేజీ మామూలుగానే ఉంటది. పోయిన వారం ఒకే సీటుకి ఇద్దరు వచ్చారు. ఒకాయన్ని బతిమాలి పక్క బస్సెక్కించా. వయసైపోయి నేనే తప్పు కొట్టాననుకుని నోరు మూసుకున్నా."

సుధ కళ్ళు దించుకుంది. రామలింగం నీళ్ళు తాగి, గ్లాసు పెట్టి, వ్యాపారస్థుడిలా మాట్లాడాడు.

"సరే. మీ లాగిన్‌కి బాక్సు పెట్టిస్తాను. మీరే కూర్చోండి. ఈ విషయం ఇక్కడితో వదిలేద్దాం."

"నా ఒక్కదానికే అయితే నాకొద్దండి" అంది షాహీనా. "నా పని నేను చేసుకున్నాను, మీరు చేసి పెట్టేదేముంది? బాపట్ల బాబాయ్ గారికీ పెట్టండి. అందరికీ పెట్టండి. ఇంకోటి. సరోజ అనే అమ్మాయికి సీటు పోయింది సైటు వల్లే గానీ ఏజెంటు వల్ల కాదని కాగితం మీద రాసివ్వండి."

"కాగితం ఇవ్వను. రేపు అందరూ కాగితాలే అడుగుతారు."

"అయితే సార్, నెలాఖరు దాకా ఎందుకు? నా ఐడీ ఇప్పుడే తీసేయండి. ఎందుకు తీశారో నేను ఏజెంట్లందరికీ ఫోను చేసి చెబుతాను. ఫోన్లు కలపడం నాకు బాగా వచ్చు."

రామలింగం ఐడీ తీయలేదు. కాగితమూ ఇవ్వలేదు. పది రోజుల్లో సైటు మారింది. ఇప్పుడు మాట వస్తే ఓకే నొక్కేదాకా పోదు, గొంతు చదువుతుంది. సీటు ఖాయమైతే తప్ప ప్రింటు బటను పనిచేయదు. కంపెనీ ఎవరికీ ఏమీ చెప్పలేదు. మొదట్నుంచీ అలాగే ఉన్నట్టు ఊరుకుంది.

కాగితం లేకుండానే షాహీనా బస్సెక్కి నగరం వెళ్ళింది. దారి అడుగుతూ సరోజ ఇల్లు చేరి, గుమ్మంలోనే నిలబడి జరిగినదంతా చెప్పింది. "క్షమించమని రాలేదమ్మా. నువ్వనుకున్న తప్పు నాది కాదని చెప్పడానికి వచ్చాను. ఉద్యోగం పోయినందుకు మాత్రం నాకు బాధగానే ఉంది." సరోజ మంచినీళ్ళు ఇచ్చింది. "సరేనండి" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. ఆ తర్వాత ఆ అమ్మాయి రేపల్లెలో టికెట్టు కొన్నా షాహీనా దగ్గర కొనలేదు. షాహీనా దాన్ని పట్టించుకోలేదని చెప్తే అబద్ధమవుతుంది.

సుధ మాత్రం మారింది. పేజీలో ఏ చిన్న మాట చేర్చినా రేపల్లెకు ఫోను చేసేది. "అక్కా, ఇది వినిపిస్తోందా?" అనేది. "లేదు" అని షాహీనా మొహమాటం లేకుండా చెప్పేది. మరుసటి ఏడాది చివర్లో సుధ ఒక కొత్త సంగతి కనిపెట్టింది. పట్టీకి రాతలో ఒక చిన్న గుర్తు తగిలిస్తే, పెట్టె రాకుండానే, పని ఆగకుండానే గొంతు ఆ మాట చదివేస్తుంది. కొత్త బ్రౌజర్లలోనే పనిచేసేది. అది పనిచేసిన రోజు ఇద్దరూ ఫోన్లో అరగంట నవ్వుకున్నారు.

రెండువేల తొమ్మిది వేసవిలో కంపెనీ ఏజెంట్లందరినీ సూర్యలంక బీచికి పిలిచింది. షామియానా వేసి, పొద్దున టిఫిన్లు పెట్టి, హైదరాబాదు కంపెనీ ఒకటి తయారుచేసిన మరో కొత్త సైటును తెల్లగుడ్డ మీద చూపించారు. మైకు పట్టుకున్న యువకుడు, "చూడండి, మెసేజ్ ఎంత స్మూత్‌గా మూల నుంచి వచ్చి వెళ్ళిపోతుందో" అన్నాడు. చప్పట్లు మోగాయి.

షాహీనా లేచి నిలబడింది. "ఇప్పుడేం వచ్చిందండి? నాకేం వినపడలేదు."

"నేనూ చూళ్ళేదు" అన్నాడు వెంకట్రామయ్య నోట్లో ఇడ్లీతో. జనం నవ్వారు.

యువకుడు రామలింగం వైపు వంగి, మైకు ఆపడం మరిచిపోయి, "సార్, ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారు మీకు?" అని అడిగాడు.

"ఒక్కరే" అన్నాడు రామలింగం.

"ఒక్కరి కోసం ఇదంతా మళ్ళీ చెయ్యాలా?"

షామియానా గుడ్డ సముద్రపు గాలికి టపటపా కొట్టుకుంటోంది. వెనక వరసలో సుధ కుర్చీ జరిపిన చప్పుడైంది. షాహీనా ఆ యువకుడి గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"అవునండి, ఒక్కదాన్నే" అంది. "మీరు చేస్తానని చెప్పండి, కూర్చుంటాను."